ఐప్యాడ్‌లో ఇంటి రికార్డింగు: "పవర్ చాలదు" అంటోంది, పైగా ఏ మైకు కొనాలో తేలడం లేదు

సరళీస్వరం
ఐప్యాడ్ 9వ తరం, లైట్నింగ్ రంధ్రం ఉన్నది. గాత్రం, వీణ రెండూ ఇంట్లోనే రికార్డు చేసి పిల్లలకు పాఠాలుగా పంపాలి. రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకుని ఐప్యాడుకి కలిపే డబ్బా) ఒకటి ఇప్పటికే ఉంది. కెమెరా అడాప్టరుతో తగిలిస్తే "ఈ పరికరానికి పవర్ ఎక్కువ కావాలి" అని మెసేజీ వచ్చి ఆగిపోతోంది. మైకుకి వైరు గుండా కరెంటిచ్చే 48 వోల్టుల (ఫాంటమ్ పవర్) బటన్ నొక్కకపోతే ఒక్కోసారి పనిచేస్తుంది, నొక్కితే మాత్రం ఖాయంగా పోతుంది. మైకు ఇంకా కొనలేదు. మైకు, స్టాండు, వైరు, హెడ్‌ఫోన్ అన్నీ కలిపి 20 వేలు దాటకూడదు. గది 10 బై 12, కింద టైల్స్, పైన స్లాబు, ఒక కిటికీ రోడ్డు వైపు. కండెన్సర్ (ఆ 48 వోల్టులు కావాల్సిన సున్నితమైన మైకు) కొనమని కొందరు, డైనమిక్ (కరెంటు అక్కర్లేనిది) కొనమని కొందరు. ఎవరి మాట వినాలి?

గోదారిగట్టు
ఎవరి మాటా వినకండి. ముందు ఫ్యాను ఆపి ఆ గది ఏమంటోందో వినండి.

ఓల్టు48
పవర్ సంగతి తేలాక మైకు. మీ అడాప్టరు ఒకే రంధ్రం ఉన్న చిన్నదా, యూఎస్‌బీ పక్కన లైట్నింగ్ రంధ్రం కూడా ఉన్నదా? ఒకే రంధ్రం అయితే ఎంత తిప్పలు పడ్డా లాభం లేదు. లైట్నింగ్ రంధ్రం నుంచి ఐప్యాడ్ బయటికిచ్చే కరెంటు చాలా తక్కువ. ఇంటర్‌ఫేసులేమో మామూలుగా 500 మిల్లీయాంపుల దాకా అడుగుతాయి. 48 వోల్టులు నొక్కగానే లోపలి సర్క్యూటు 5 వోల్టుల్ని 48కి పెంచాలి కాబట్టి ఇంకాస్త లాగుతుంది. అందుకే బటన్ నొక్కినప్పుడే పడిపోతోంది. ఇంటర్‌ఫేసులో లోపమేమీ లేదు.

రెండు రంధ్రాలున్న "లైట్నింగ్ టు యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్" తీసుకోండి. పక్క రంధ్రంలో చార్జరు పెడితే ఐప్యాడుకీ ఇంటర్‌ఫేసుకీ కరెంటు అక్కణ్ణుంచే వస్తుంది. చార్జరు 12 వాట్లు గానీ ఆపైన గానీ ఉండాలి. పాత ఫోన్లతో వచ్చిన 5 వాట్ల బుల్లి చార్జరు పనికిరాదు. తగిలించే వరస కూడా ముఖ్యమే: ఐప్యాడుకి అడాప్టరు, దానికి చార్జరు, చార్జింగ్ గుర్తు కనబడ్డాక ఇంటర్‌ఫేస్, తర్వాత మైకు వైరు, అన్నిటికంటే ఆఖర్న 48 వోల్టుల బటన్. తీసేటప్పుడు దీనికి తిరగవరస.

సరళీస్వరం
ఒకే రంధ్రం ఉన్నదేనండి. అంటే అది పారేయాల్సిందేనా?

మైకుసెట్టు
పారేయొద్దమ్మా. సొంత కరెంటు అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్ ఒకటి మధ్యలో పెట్టు. ఐప్యాడ్, చిన్న అడాప్టరు, హబ్, ఇంటర్‌ఫేస్, ఇదీ వరస. ఇంటర్‌ఫేసుకి కరెంటు హబ్ ఇస్తుంది, ఐప్యాడ్ మీద బరువు పడదు. కాకపోతే రికార్డు చేసినంతసేపూ ఐప్యాడ్ బ్యాటరీ తరుగుతూ ఉంటుంది. హబ్ కొనేటప్పుడు 5 వోల్టులు 2 యాంపుల అడాప్టరు పక్కనే ఉందో లేదో చూసుకో. ఉట్టి హబ్ తెచ్చుకుంటే మళ్ళీ మొదటికొస్తావు.

ఊరూపేరూ లేని రెండు రంధ్రాల అడాప్టర్ల జోలికి మాత్రం పోకు. కొన్నిటిలో చార్జింగు అవుతుంది, డేటా పోదు. ఇంకొన్ని ఐప్యాడ్ ఓఎస్ అప్‌డేటు పడ్డాక మూగబోతాయి.

డాలస్_శ్రుతి
టైప్-సి ఐప్యాడులు ఉన్నవాళ్ళకి ఈ పవర్ గోల చాలావరకు లేదు (ప్రో 2018 నుంచి, ఎయిర్ 2020 నుంచి, మామూలు ఐప్యాడ్ 2022లో వచ్చిన 10వ తరం నుంచి). కానీ వాటికి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. ఉన్న ఒక్క టైప్-సిలో ఇంటర్‌ఫేస్ పెట్టాక చార్జింగు పెట్టాలంటే చార్జింగ్ రంధ్రం కూడా ఉన్న హబ్ కావాలి. కొన్ని ఇంటర్‌ఫేసులకు పవర్ విడిగా ఇవ్వొచ్చు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 4వ తరంలో వెనకాల రెండో టైప్-సి రంధ్రం అందుకోసమే పెట్టారు.

గోదారిగట్టు
రంధ్రాల లెక్క చూస్తుంటే ఇది రికార్డింగు టాపిక్కో పిల్లంగ్రోవి టాపిక్కో అర్థం కావట్లేదు.

పాతక్యాసెట్టు
ఇంత యాతన ఎందుకు? ఒక యూఎస్‌బీ మైకు కొని ఐప్యాడుకి తగిలిస్తే సరిపోయేదానికి! లేదా ఫోను స్టాండు మీద పెట్టి పాడితే చాలదా? పాఠాలే కదా.

ఓల్టు48
@పాతక్యాసెట్టు పాఠాలే కాబట్టే చాలదు. టాబ్లెట్ సొంత మైకు అడుగు దూరం నుంచి గదినంతా పట్టేస్తుంది. పైగా చాలా యాప్‌లలో లెవెల్ దానంతటదే సర్దుకునే ఏర్పాటు పనిచేస్తూ ఉంటుంది. మీరు మంద్రంలో మెల్లగా పాడితే పైకి లాగుతుంది, తారస్థాయికి వెళ్ళగానే కిందికి నొక్కుతుంది. నేర్చుకునే పిల్లకి గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ నింపాలో వినపడదు. రెండు పల్లవుల మధ్య విరామంలో ఫ్యాను చప్పుడు ఉప్పెనలా లేస్తుంది చూశారా, అది ఈ పనే.

యూఎస్‌బీ మైకు ఒక్క గాత్రానికి సరే. గాత్రం, వీణ రెండు ట్రాకులుగా కావాలంటే కుదరదు. ఐప్యాడ్ ఒకసారికి ఒక్క ఆడియో పరికరాన్నే ఇన్‌పుట్‌గా తీసుకుంటుంది. రెండు యూఎస్‌బీ మైకులు హబ్‌లో పెట్టినా ఒకటే పలుకుతుంది. ఆవిడ దగ్గర ఇంటర్‌ఫేస్ ఎలాగూ ఉంది, ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల వైరుతో ఇంటర్‌ఫేసుకి తగిలే) మైకే సరైనది.

మైకుసెట్టు
యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉన్న డైనమిక్ మైకులు కూడా ఉన్నాయి: శాంసన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్. ఇంటర్‌ఫేస్ లేనివాళ్ళు వాటితో మొదలుపెట్టి, తర్వాత ఇంటర్‌ఫేస్ కొనుక్కోవచ్చు. మైకు వృథా పోదు.

నిశ్శబ్దం
20 వేలూ మైకు మీద పోసే ముందు గది. మైకుల స్పెసిఫికేషన్లలో "సెల్ఫ్ నాయిస్" (మైకు తనంతట తాను చేసే బుస్సు) అని ఉంటుంది. కండెన్సర్లలో ఆడియో టెక్నికా ఏటీ2020కి 20 డెసిబెల్స్, రోడ్ ఎన్‌టీ1-ఏకి 5. కాగితం మీద ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కానీ రోడ్డు పక్క గదిలో కిటికీ మూసినా 35 డెసిబెల్స్ మోత ఉంటే ఆ 5 ఎక్కడ వినిపిస్తుంది, ఈ 20 ఎక్కడ వినిపిస్తుంది? రెండూ గది మోత కిందే మునిగిపోతాయి.

చేయాల్సినవి చెబుతాను. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. వెనకాల "ట్ర్‌ర్‌ర్" అని రేకు మీద కొట్టినట్టు వినిపిస్తే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతాట ఆడుతోందన్నమాట. టైల్స్ మీద జంపఖానా, దాని మీద ఒక మందపాటి బొంత. గోడకి చేరేసిన పరుపు. బట్టలు నిండిన బీరువా ఉంటే తలుపులు బార్లా తెరవండి, అంతకు మించిన సౌండ్ ప్యానెల్ ఆ ధరకి దొరకదు.

చాలామంది బొంతని మైకు వెనక్కి కడతారు. కార్డియాయిడ్ మైకు ముందుకే చూస్తుంది, అంటే పాడే మనిషినీ, ఆ మనిషి వెనకున్న గోడనీ. కాబట్టి బొంత మీ వీపు వెనక ఉండాలి, గోడకి నాలుగైదు అంగుళాలు ఎడంగా. మైకు వీపు రోడ్డు వైపు కిటికీకి పెట్టండి. గది మూలల్లో కూర్చోకండి, గోడకి ఆనుకునీ వద్దు. గది పొడుగులో మూడో వంతు దగ్గర కూర్చుంటే కింది స్వరాల గుంయ్‌మనే మోత తగ్గుతుంది.

గోదారిగట్టు
గుడ్ల అట్టలు గోడకి అంటించమంటారని చూస్తున్నా, ఎవరూ అనలేదేంటి!

నిశ్శబ్దం
అనరు. అవి సన్నటి పై శబ్దాన్ని కొంచెం చెదరగొడతాయి తప్ప గొంతులోని మధ్య, కింది భాగాన్ని పీల్చవు. బయటి మోతని అసలు ఆపవు. నిప్పు రవ్వ పడితే భగ్గుమంటాయి కూడా. గుడ్లు తినండి, అట్టలు పారేయండి.

సరళీస్వరం
బీరువా చిట్కా బాగుంది, ఈ గదిలోనే ఉంది. మరి మైకు?

మైకుసెట్టు
షూర్ ఎస్ఎం58. ఇంకో మాట లేదు. 1966 నుంచీ వస్తోంది, కింద పడ్డా పలుకుతుంది, ఎదురుగా ఉన్న గొంతునే పట్టుకుంటుంది, రోడ్డు మీద ఆటో హారన్ తక్కువ పట్టుకుంటుంది, ఫాంటమ్ పవర్ అక్కర్లేదు. నీ పవర్ గోల కూడా సగం తగ్గుతుంది.

పాతక్యాసెట్టు
వీణకి ఎస్ఎం58 పెడతారా! మీటు తర్వాత వచ్చే నాదం అంతా ఎక్కడికి పోవాలి?

ఓల్టు48
ఇద్దరూ సగం సగం కరెక్టు. "డైనమిక్ రోడ్డు చప్పుడు పట్టదు" అనేది దూరం వల్ల వచ్చే లాభం. నోటికి రెండు మూడు అంగుళాల్లో పెడతాం కాబట్టి గొంతు పెద్దదై, చుట్టూ ఉన్నది చిన్నదవుతుంది. దూరం సగమైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత అంతే ఉంటుంది. రెండడుగుల నుంచి ఆరంగుళాలకి వస్తే 12 డెసిబెల్స్ లాభం. కండెన్సర్‌నీ అంతే దగ్గర పెట్టి గెయిన్ (ఇంటర్‌ఫేస్ మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గిస్తే రోడ్డు చప్పుడులో తేడా చాలా తక్కువ.

అసలు తేడా సెన్సిటివిటీలో ఉంది. ఎస్ఎం58 ఒక పాస్కల్ ఒత్తిడికి 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది, ఏటీ2020 14.1 మిల్లీవోల్టులు. అంటే పదిహేడున్నర డెసిబెల్స్ తేడా. గాత్రం నోటి దగ్గర గట్టిగా ఉంటుంది కాబట్టి ఎస్ఎం58కి 40-45 డెసిబెల్స్ గెయిన్ చాలు, ఏ ఇంటర్‌ఫేస్ అయినా ఇస్తుంది. వీణ అలా కాదు. అడుగున్నర దూరంలో వీణ 70 డెసిబెల్స్ పలుకుతోందనుకుందాం. ఎస్ఎం58తో పట్టాలంటే గెయిన్ 60 చుట్టూ కావాలి. స్కార్లెట్ సోలో 4వ తరంలో మైకు గెయిన్ మొత్తమే 57, 2ఐ2 4వ తరంలో 69. చవక ఇంటర్‌ఫేసుల్లో ఆఖరి పావు తిప్పుడు మొత్తం బుస్సే.

గాత్రం ఒక్కటే అయితే ఎస్ఎం58. వీణ కూడా ఉంది కాబట్టి ఒకే మైకు కొనాలంటే కండెన్సర్. ఏటీ2020 లాంటిది ఒకటి, మిగిలిన డబ్బుతో చెవి మూసే వైరు హెడ్‌ఫోన్, బరువైన స్టాండు, పాప్ ఫిల్టరు. మీ బడ్జెట్ దాటదు.

మైకుసెట్టు
దగ్గర పెట్టుకుంటే తేడా తక్కువ అన్నావు బాగానే ఉంది, కానీ కండెన్సర్‌కి మూడంగుళాల్లో పాడితే "ప, ఫ, భ" దగ్గర ఊపిరి దెబ్బకి ధబ్ ధబ్ అంటుంది కదా.

ఓల్టు48
అందుకే పాప్ ఫిల్టరు. మైకుకి నాలుగంగుళాల ముందు ఫిల్టరు, ఫిల్టరుకి మూడు నాలుగంగుళాల్లో నోరు. మైకు నోటికి సూటిగా కాకుండా ముక్కు ఎత్తులో, కొద్దిగా పక్క నుంచి నోటి వైపు వంచి పెడితే "స, శ, ష" ఈలలు కూడా తగ్గుతాయి.

డాలస్_శ్రుతి
ఎస్ఎం58 కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. అసలుది 298 గ్రాములు, నకిలీలు తరచూ తేలిగ్గా ఉంటాయి. ధర మరీ సగానికి వస్తే అడగకుండానే అర్థం చేసుకోండి.

గోదారిగట్టు
కిరాణా కొట్లో తూకం వేయించి "అరకేజీకి రెండొందల గ్రాములు తక్కువండీ" అనిపించుకోవాలన్నమాట.

ఓరుగల్లు_డప్పు
బీఎం-800 అని ఆన్‌లైన్ల మస్తు చీప్‌గ దొరుకుతది గదా, గదే తీస్కుంటే ఏమైతది? ఇంకోటి, అందరు ఐప్యాడ్ ముచ్చటనే చెప్తున్రు. ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నోళ్లం ఏం జేయాలె?

ఓల్టు48
@ఓరుగల్లు_డప్పు బీఎం-800ని దాంతో వచ్చే 3.5 ఎంఎం వైరుతో ట్యాబుకి గుచ్చితే దానికి అందేది కొద్దిపాటి వోల్టేజీయే. బలహీనంగా, బుస్సుతో పలుకుతుంది. అదే మైకుని మామూలు ఎక్స్ఎల్ఆర్ వైరుతో 48 వోల్టులున్న ఇంటర్‌ఫేసుకి పెడితే చాలావరకు మెరుగ్గా ఉంటుంది. అయినా ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు, అదృష్టం మీద ఆధారపడాలి. ఇంకో సంగతి: ట్యాబు హెడ్‌ఫోన్ రంధ్రం మూడు గీతల పిన్నుకి. రెండు గీతల పిన్ను గుచ్చితే ట్యాబు దాన్ని మైకుగా గుర్తించదు, మీరు మైకులో పాడుతుంటే ట్యాబు సొంత మైకు రికార్డు చేస్తూ ఉంటుంది.

డాలస్_శ్రుతి
అది తెలుసుకోవడం తేలిక. రికార్డు నొక్కి బయటి మైకు జాలీ మీద గోటితో గీకండి, తర్వాత ట్యాబు అంచుల మీద గీకండి. ఏది పెద్దగా వినిపిస్తే అదే పలుకుతున్నట్టు. ప్రతిసారీ మొదటి టేకు ముందు ఇది చేయడం మంచిది.

ఓల్టు48
ఇక ఆండ్రాయిడ్. యూఎస్‌బీ ఆడియోకి ఆండ్రాయిడ్ 5.0 నుంచీ సపోర్టు ఉంది. కానీ ప్రతి ట్యాబు కంపెనీ తన సొంతంగా ఏదో ఒకటి మార్చి పెడుతుంది. ఒక ట్యాబులో రెండు ఇన్‌పుట్లూ వస్తాయి, ఇంకోదాంట్లో మొదటిదే వస్తుంది. బ్యాండ్‌ల్యాబ్ యాప్ ఉచితం, ఒక్క గొంతు పాడుకోవడానికి సరే. రెండు ఇన్‌పుట్లు రెండు ట్రాకుల్లోకి విడిగా కావాలంటే ఆడియో ఎవల్యూషన్ మొబైల్ స్టూడియో యాప్ చూడండి. దాంట్లో సొంత యూఎస్‌బీ డ్రైవరు విడిగా డబ్బులిచ్చి కొనాలి, అది ఆండ్రాయిడ్ దారిని పక్కకి నెట్టి నేరుగా ఇంటర్‌ఫేసుతో మాట్లాడుతుంది. ప్రాజెక్టు 48 వేల హెర్ట్జ్‌లో పెట్టండి, ఎక్కువ ట్యాబులు లోపల నడిచేది అందులోనే.

ఓరుగల్లు_డప్పు
నా గొంతు నాకే ఆలస్యంగ ఇనబడ్తది అన్నా, పాటంత ఆగమైతది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టిన.

మైకుసెట్టు
బ్లూటూత్ తీసి అవతల పెట్టు తమ్ముడూ. వాటిలోనే నూట యాభై, రెండొందల మిల్లీసెకన్లు పోతుంది. తాళం తప్పించడానికి అది చాలు. రికార్డింగుకి వైరు హెడ్‌ఫోనే, అది కూడా ట్యాబుకి కాదు, ఇంటర్‌ఫేస్ రంధ్రానికి. ఇంటర్‌ఫేస్ మీద "డైరెక్ట్ మానిటర్" బటన్ ఉంటే నొక్కు. నీ గొంతు ట్యాబు దాకా వెళ్ళి రాకుండా అక్కడికక్కడే చెవిలో పడుతుంది.

ఓల్టు48
డైరెక్ట్ మానిటర్ నొక్కినప్పుడు యాప్‌లో మానిటర్ ఆపేయండి. రెండూ ఆన్‌లో ఉంటే గొంతు రెండుసార్లు వినబడి బావిలో పాడినట్టుంటుంది. ఇంటర్‌ఫేస్ మీద ఆ బటన్ లేనివాళ్ళు యాప్‌లో బఫర్ (శబ్దాన్ని కాసేపు పోగుచేసి పంపే ఏర్పాటు) తగ్గించుకోవాలి. 48 వేల హెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ళ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, పైన కన్వర్టర్లవి కొంచెం. 128 దగ్గర టప్ టప్‌మని చిటపటలు వస్తే 256కి పెంచండి, ట్యాబు తట్టుకోలేకపోతోందని అర్థం.

సరళీస్వరం
రెండు రంధ్రాల అడాప్టరు వచ్చింది, 48 వోల్టులు నిలబడుతోంది, థాంక్సండీ. ఏటీ2020 తీసుకున్నాను. ఇప్పుడు గరాజ్‌బ్యాండు (ఐప్యాడ్ రికార్డింగు యాప్)లో ఇంకో చిక్కు. పాడుతుండగానే పదిహేడు పద్దెనిమిది సెకన్లకి మళ్ళీ మొదటికి తిరిగిపోతోంది. ఇంకా, వెనకాల టిక్ టిక్‌మని వస్తోంది.

బొబ్బిలితంత్రి
గరాజ్‌బ్యాండులో అందరికీ మొదటిరోజు ఎదురయ్యేది అదే. కొత్త పాట తెరవగానే అది "సెక్షన్ ఏ" అని 8 బార్లు (నాలుగేసి దెబ్బల ఆవర్తాలు) మాత్రమే ఇస్తుంది. నిమిషానికి 110 టెంపోలో 8 బార్లంటే పదిహేడున్నర సెకన్లు. ట్రాకుల పేజీలో కుడి పక్క పైన ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, సెక్షన్ ఏ లోకి వెళ్ళి, "ఆటోమేటిక్" ఆన్ చేయండి. ఇక మీరు ఆపేదాకా సాగుతుంది. పైనున్న మెట్రోనోమ్ గుర్తు నొక్కితే టిక్ టిక్ పోతుంది.

సెట్టింగుల గుర్తులో "అడ్వాన్స్‌డ్" కింద రెండు చూడండి. "24-బిట్ ఆడియో" ఆన్. "మల్టీట్రాక్ రికార్డింగ్" ఆన్, లేకపోతే రెండు మైకులు ఒకేసారి రెండు ట్రాకుల్లోకి రావు. ఆడియో రికార్డరులో ట్రాకు 1కి ఇన్‌పుట్ 1, ట్రాకు 2కి ఇన్‌పుట్ 2 అని విడివిడిగా ఎంచుకోవాలి. గొంతు మార్చే అలంకారాలు ఏవీ వద్దు.

ఓల్టు48
గెయిన్ గురించి: కీర్తన ఎత్తుగడ పాడి గెయిన్ పెట్టకండి. చరణంలో మీరు అందుకునే అతి పై సంగతి గొంతు విప్పి పాడుతూ, మీటరు శిఖరం మైనస్ 12 నుంచి మైనస్ 8 డెసిబెల్స్ మధ్య ఆగేలా పెట్టండి. 24-బిట్‌లో మైనస్ 12 దగ్గర రికార్డు చేస్తే నష్టం ఏమీ లేదు. ఎరుపు తాకితే మాత్రం బాగుచేయడం కుదరదు.

బొబ్బిలితంత్రి
వీణ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

మైకు సొరకాయ వైపు కాదు, కుండ వైపు. పై పలకకి అడుగు నుంచి అడుగున్నర ఎడంగా, గుర్రానికీ (తీగలు ఆనే వంతెన) చివరి మెట్టుకీ నడిమి చోటు వైపు చూసేలా. మీటే చేతికి ఎదురుగా పెడితే గోటి చప్పుడు టకటకా ముందుకొస్తుంది. గుర్రానికి మరీ దగ్గరైతే రేకు గొంతు. మెట్ల వైపు జరిపితే ఎడమచేతి జారుడు రాపిడి ఎక్కువ. కాబట్టి కూర్చున్న మనిషి మోకాలి ఎత్తులో చిన్న స్టాండు, మైకు కొంచెం పైనుంచి కిందికి వంచి, రెండంగుళాలు అటూ ఇటూ జరుపుతూ నాలుగు ముక్కలు రికార్డు చేసి వినండి. మైకు మార్చినదానికంటే ఈ రెండంగుళాల జరుపుడే ఎక్కువ తేడా తెస్తుంది.

ఇంటర్‌ఫేస్ మీదో, యాప్‌లోనో "లో కట్" (కింది శబ్దాల్ని కోసేసేది) 80 హెర్ట్జ్ అని ఉంటే వీణ ట్రాకుకి పెట్టకండి. శ్రుతి 3 అనుకోండి, సారణి (మొదటి తీగ) 165 హెర్ట్జ్, మంద్ర షడ్జమం తీగ 82, అనుమంద్ర పంచమం 62. 80 దగ్గర కోస్తే అనుమంద్రం బక్కచిక్కిపోతుంది. 40 దగ్గర పెడితే సరి. తాళం తీగలు మైకులో ఎక్కువగా వినిపిస్తుంటే మైకుని తాళం తీగల వైపు నుంచి అవతలికి తిప్పండి.

పికప్ అంటించిన వీణ ఉన్నవాళ్ళు: పియెజో పికప్‌ని ఇంటర్‌ఫేసులో "ఇన్‌స్ట్రుమెంట్" అన్న స్విచ్ ఉన్న రంధ్రానికే పెట్టాలి. ఆ రంధ్రం ఇంపిడెన్స్ (కరెంటుకి చూపే నిరోధం) ఒక మెగా ఓమ్ చుట్టూ ఉంటుంది. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే కింది నాదం మాయమై గీరుమంటుంది. అయినా పాఠానికి పికప్ వద్దనే నా మాట. ఏకాండ పనసకర్ర వీణ కొనుక్కుని దాని కర్ర వినబడకుండా తీగ ఒక్కటే వినిపించడం ఏమిటి?

సరళీస్వరం
గాత్రానికి లో కట్ ఎంత పెట్టాలి మరి? నా శ్రుతి ఐదున్నర.

బొబ్బిలితంత్రి
ఐదున్నరకి షడ్జమం 208 హెర్ట్జ్, మంద్ర పంచమం 156. 100 దగ్గర నిశ్చింతగా కోయొచ్చు, 120 అయినా ఇబ్బంది లేదు. రోడ్డు మీద లారీల గుంయ్ చాలావరకు పోతుంది. ఒకటో శ్రుతిలో పాడే మగవాళ్ళకి షడ్జమం 131, మంద్ర పంచమం 98. వాళ్ళు 80 దాటకూడదు.

డాలస్_శ్రుతి
పాడుతూ తనే వీణ వాయిస్తే రెండు మైకుల్లోనూ రెండూ పడతాయి కదా? ఆవిడకి అదే కావాలేమో.

మైకుసెట్టు
పడతాయి, పూర్తిగా ఆపలేం. గొంతు మైకుని గడ్డం కింద నుంచి పైకి నోటి వైపు చూపించాలి. కార్డియాయిడ్ వీపున చెవిటిది, ఆ వీపు కింద ఉన్న వీణ వైపు ఉంటుంది. దీనికి రెండో మైకుగా డైనమిక్ బాగుంటుంది. మామూలు లెక్క ఏమిటంటే ఒక్కో మైకు తన శబ్దానికి ఎంత దూరంలో ఉందో, రెండు మైకుల మధ్య దానికి మూడు రెట్లు ఉండాలి. కూర్చుని వాయించే మనిషి దగ్గర అంత చోటు రాదు కాబట్టి గొంతు మైకుని మూడంగుళాలకి తెచ్చుకోవాలి.

పాతక్యాసెట్టు
లేదా ముందు గాత్రం పాడి, అది చెవిలో వింటూ వీణ వాయించి రెండో ట్రాకుగా పెట్టుకోండి. ఈ ఒక్కసారి నేను కొత్త పద్ధతి వైపే.

బొబ్బిలితంత్రి
పాఠానికి అదే నయం. పిల్లలు వీణ ట్రాకు ఆపేసి గాత్రం వినొచ్చు, గాత్రం ఆపేసి వాయించొచ్చు. తంబురా మాత్రం మైకులో పడనివ్వకండి. పది నిమిషాల తంబురా ఫైలుని మొదటి ట్రాకుగా తెచ్చుకుని హెడ్‌ఫోన్‌లోనే వినండి. ఒక చెవి బయట పెట్టి పాడే అలవాటున్నవాళ్ళు తంబురాని మూసిన చెవి వైపుకే పూర్తిగా జరపండి (పాన్ చేయండి), లేకపోతే తెరిచిన చెవి కప్పు నుంచి కారి మైకులో పడుతుంది. తాళం తొడ మీద వేస్తే మడతపెట్టిన తువ్వాలు వేసుకోండి, ఆ చప్పుడు నేల మీదుగా స్టాండులోకి ఎక్కుతుంది.

సరళీస్వరం
అన్నీ చేశాను, చాలా తేడా ఉంది. కానీ గుయ్‌మని సన్నటి హమ్ వస్తోంది. పాడేటప్పుడు తెలియదు, ఆపగానే తెలుస్తోంది.

ఓల్టు48
చార్జరు గోడ నుంచి పీకి చూడండి. ఆ క్షణంలో హమ్ పోయిందా?

సరళీస్వరం
పోయింది! కానీ వెంటనే ఇంటర్‌ఫేస్ కూడా పోయింది.

ఓల్టు48
దొంగ దొరికాడు. రెండు పిన్నుల చార్జర్లకి ఎర్త్ ఉండదు, వాటి లీకేజీ ఐప్యాడ్ గుండా ఇంటర్‌ఫేసుకి, మైకు వైరుకి పాకుతుంది. చార్జింగులో ఉన్న ఐప్యాడ్ వీపు మీద వేలు రాస్తే సన్నగా జివ్వుమంటుంది చూడండి, అదే. గోడ చార్జరు బదులు 12 వాట్లు (5 వోల్టులు, 2.4 యాంపులు) ఇచ్చే పవర్‌బ్యాంకుని అడాప్టరు పక్క రంధ్రానికి పెట్టండి. కరెంటు లైనుతో సంబంధమే ఉండదు. కరెంటు పోయినా రికార్డింగు ఆగదు, అది కొసరు.

మైకుసెట్టు
ఇన్వర్టరు మీద నడిచే ఇళ్ళలో ఇంకా ఘోరం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే హమ్ కాదు, ఝంకారమే. కరెంటు లేనప్పుడు రికార్డు చేస్తే గదిలో ఇన్వర్టరు మీదున్న ట్యూబులైటు, ఫ్యాను ఆపు. పాత ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లు కూడా పికప్‌లలో బుర్రుమంటాయి.

సరళీస్వరం
పవర్‌బ్యాంకుతో హమ్ పూర్తిగా పోయింది. పిల్లలకి వాట్సాప్‌లో పంపితే మాత్రం నీళ్ళలో పాడినట్టు వినిపిస్తోందట.

డాలస్_శ్రుతి
ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. గరాజ్‌బ్యాండులో షేర్ నొక్కి నాణ్యత ఎంచుకునే చోట, మీ దగ్గర దాచుకోవడానికి "అన్‌కంప్రెస్డ్ వేవ్" (కుదించనిది), పిల్లలకి "హై క్వాలిటీ" ఏఏసీ (కుదించినది). 44.1 వేల హెర్ట్జ్, 24-బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 16 ఎంబీ, అరగంట పాఠం 480 ఎంబీ దాకా అవుతుంది. పిల్లల ఫోన్లు మోయలేవు.

ఓల్టు48
పంపే ముందు కంప్రెసరు (గట్టి చోట్లని కొంచెం అణిచేది) 2:1 లేదా 3:1, మూడు నాలుగు డెసిబెల్స్ మాత్రమే తగ్గేలా. "పిచ్ కరెక్షన్" జోలికి వెళ్ళకండి. అది గమకాన్ని తప్పు స్వరం అనుకుని మెట్ల మీదికి లాగేస్తుంది. తోడిలో గాంధారం ఏమవుతుందో ఒకసారి సరదాకి వినండి.

గోదారిగట్టు
విన్నాను. తోడి కాస్తా ఎవరికీ తోడు లేకుండా పోయింది.

ఓరుగల్లు_డప్పు
డప్పుకు ఏ మైకు పెట్టాలె? నా ట్యాబ్ల అంత ఎర్రగనే ఐతుంది.

మైకుసెట్టు
డప్పుకి డైనమిక్, ఎస్ఎం57 గానీ 58 గానీ. రెండు మూడడుగుల దూరం, నడుమకి సూటిగా కాకుండా అంచు వైపు చూసేలా. గెయిన్ దాదాపు అడుక్కి తెచ్చి, చిర్ర దెబ్బ గట్టిగా కొట్టి అక్కడి నుంచి పెంచుకో. ఇంటర్‌ఫేస్ మీద "ప్యాడ్" (వచ్చే శబ్దాన్ని తగ్గించేది) బటన్ ఉంటే నొక్కు. ఇంటర్‌ఫేస్ మీదే ఎర్ర లైటు వెలిగితే యాప్‌లో ఎంత తగ్గించినా లాభం లేదు, అప్పటికే చిట్లిపోయింది. కాచిన డప్పు కాసేపట్లో మెత్తబడి గొంతు దిగుతుంది గదా, లెవెల్ కాచిన వెంటనే చూసుకో.

పాతక్యాసెట్టు
@సరళీస్వరం ఏటీ2020 స్టాండుకే వదిలేయకండి. మీది గోదావరి జిల్లాలో తేమ ఊరైతే వానాకాలంలో కండెన్సర్ చిటపటలాడుతుంది, డయాఫ్రమ్ మీద చెమ్మ పడితే వచ్చే చప్పుడు అది. మూత బిగుతైన స్టీలు డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. చిటపట వచ్చిందని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యరు కొట్టడం చేయకండి. డబ్బాలో ఒక రోజు ఉంచితే చాలావరకు అదే తగ్గుతుంది.

సరళీస్వరం
కాకినాడండీ, తేమకి లోటు లేదు. సిలికా పొట్లాలు ఎన్నాళ్ళకి మార్చాలి?

పాతక్యాసెట్టు
రంగు మారే రకం కొనండి. నారింజ రంగువి చెమ్మ పట్టాక ఆకుపచ్చకి తిరుగుతాయి. అప్పుడు గింజల్ని పళ్ళెంలో పోసి 110-120 డిగ్రీల ఓవెన్‌లో గంటా రెండు గంటలు పెడితే మళ్ళీ నారింజకి వస్తాయి. చల్లారాక డబ్బాలో వేయండి, వేడిమీద వేయకండి.